భూమి అంటే మా పిన్ని

మా పిన్నిని ఎవరైనా "ఎంత ఓర్పో" అని మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అది ఓర్పు కాదు, అలసట. బాగా అలిసిపోయిన మనిషికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉండదు. దూరం నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మెచ్చుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు. నేను పిన్నివాళ్ళ పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి నాకు తేడా తెలుసు.

పిన్ని స్కూలు యూనిఫాంలు కుట్టే షాపులో కటింగ్ మాస్టరు. ఆడమనిషిని ఏమని పిలవాలో తెలియక అందరూ మాస్టరనే పిలుస్తారు. పొడుగాటి బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన అట్టముక్క పెట్టి, చుట్టూ సుద్దబిళ్ళతో గీసి, మోచేయంత కత్తెరతో కోసుకుంటూ పోతుంది. ఆ కత్తెర నాకు రెండు చేతులతో ఎత్తినా బరువే. పెళ్ళికి ముందు నుంచీ అదే బల్ల, నెత్తి మీద అదే ట్యూబులైటు. కూర్చుని చేసే పని కాదు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే కాసేపు గోడకి ఆనుకుని నిలబడుతుంది. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం.

ఆమె భర్త, అంటే మా బాబాయి, హైస్కూల్లో లెక్కల మాస్టారు. "ఇంట్లో ఇద్దరు మాస్టర్లు, చెప్పిన మాట వినేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు" అని మా అమ్మ నవ్వేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ లోటు నా మీద తీర్చుకున్నారు. పిన్ని నాకు గౌన్లు కుట్టింది, బాబాయి చెవులు మెలేశాడు.

చెవుల సంగతి చెప్పాలి. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు కర్ణం మాస్టారు. బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసి "ఇందులో కర్ణం ఏది?" అని అడిగేవాడు. లంబకోణానికి ఎదురుగా ఏటవాలుగా ఉండే పొడుగు గీత అది. తెలియక ఇంకోటి చూపించామా, దగ్గరికొచ్చి చెవి పట్టుకునేవాడు. "ఇదీ కర్ణమే. కనీసం ఇదైనా గుర్తుపెట్టుకో" అని ఒక్క మెలిక. మా బ్యాచ్‌లో ఒకడు ధైర్యం చేసి, గీతకి చెవి పేరెందుకు పెట్టారు సార్ అని అడిగాడు. బాబాయి కాసేపు ఆలోచించి, తనకీ సరిగ్గా తెలియదని ఒప్పేసుకున్నాడు. ఆయన తెలియదని అనగా నేను విన్నది ఆ ఒక్కసారే.

మిగతా మాటలన్నిటికీ పుట్టుపూర్వోత్తరాలు ఆయన దగ్గర సిద్ధంగా ఉండేవి. బిందువంటే ముందు బొట్టు, కారే నీటిబొట్టు, అది కాగితం మీదికి తర్వాత వచ్చింది అనేవాడు. లంబమంటే వేలాడేది. తాపీమేస్త్రీ దారానికి గుండు కట్టి వదిలితే వంకర లేకుండా కిందికి దిగుతుందే, అదీ లంబం. కేంద్రం అసలు మన మాటే కాదట, సముద్రాలు దాటి వచ్చిందట. అక్కడి భాషలో పొడిచే ములుకు అని అర్థమట, కంపాసు ముల్లు గుచ్చుకునే చోటు కాబట్టి. స్పర్శరేఖ వృత్తాన్ని ఒక్కచోట తాకి తన దారిన తను పోతుంది. భుజమంటే చెయ్యి, మూడు చేతులున్నది త్రిభుజం. "మూడూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే అది ఆకారం. ఒకటి వదిలేసిందా, మిగిలినవి ఉత్త గీతలు" అని వేళ్ళు పెనవేసి చూపించేవాడు. కింద పడుకుని ఉండే గీత పేరు భూమి. మిగతా రెండూ దాని మీదే నిలబడతాయి.

ఇంటికొచ్చి ఇదంతా పిన్నికి కూడా చెప్పబోయేవాడు. పిన్ని ఆయన కంచంలో వడ్డిస్తూ, "మీ కర్ణాన్ని మా షాపులో క్రాస్ అంటారు. క్రాస్ మీద కోస్తే గుడ్డ సాగుతుంది. మీది సాగుతుందా?" అని అడిగేది. ఆయన సాగదని ఒప్పుకునేవాడు. ఆ పూటకి పాఠం అక్కడితో సరి.

రిటైరైన ఏడాదే బాబాయి స్నానం చేసి వస్తూ గుమ్మంలో పడిపోయాడు. తలలో నరం పూడుకుపోయిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు కూడా పడిపోయింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆయన నోటి వంకే చూస్తూ పిన్ని కళ్ళు కాయలు కాశాయి. ఇంటికి తెచ్చాక ఒక పొద్దున మాట వచ్చింది. పిన్ని ఒళ్ళు తుడవబోతుంటే ఆయన గోడ వంక చూసి, స్పష్టంగా, క్లాసులో చెప్పినట్టే, "లంబం" అన్నాడు.

పిన్ని నాకు కబురు చేసింది. పరుగెత్తుకుంటూ వెళ్ళాను. ఇద్దరం ఆనందంతో ఏడ్చాం. ఆ తర్వాత ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన మళ్ళీ "లంబం" అన్నాడు, ఈసారి విసుగ్గా. పాఠం చెబుతున్నాడేమోనని నేను సరేనంటూ తల ఊపాను. ఆయన ఎడమ చేత్తో మంచం కోడు మీద దబదబా బాదాడు.

ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. చిన్నపిల్లలా ఉంటుంది, పని మాత్రం బాగా తెలిసిన మనిషి. ఇల్లూ వాకిలీ మాటలున్న గది తలుపు మూసుకుపోయిందనీ, ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన మాటలు ఇంకో గదిలో ఉండి మిగిలాయనీ, ఆయన ఉన్నవాటితోనే సంసారం నడుపుకుంటున్నాడనీ చెప్పింది. దిద్దొద్దంది. ఆ మాటకి దేనితో చుట్టరికమో వెతుక్కోమంది. అప్పుడు నాకు తాపీమేస్త్రీ దారం గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి ఆయన చూసిన గోడ చూశాను. మేకుకి తువ్వాలు వేలాడుతోంది. రోజూ ఆయన వాడుకునేది అదే. పిన్ని తెలియక వేరే గుడ్డతో తుడవబోయింది.

అలా మొదలైంది ఆ ఇంట్లో కొత్త భాష. మాటలన్నీ స్కూలు మానేసి వాటి పుట్టిళ్ళకి తిరిగి వెళ్ళిపోయాయి. కర్ణమంటే చెవిపోటు. శీర్షమంటే తలనొప్పి. ఒకరోజంతా ఆయన "బిందువు, బిందువు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. పిన్ని గ్లాసు తర్వాత గ్లాసు నీళ్ళు తెచ్చింది. ఆయన తోసేశాడు. దుప్పటి తడిసింది, మార్చాల్సి వచ్చింది. ఆ బరువు మనిషిని ఈ పక్కకీ ఆ పక్కకీ దొర్లించి దుప్పటి మార్చేసరికి పిన్నికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి చూస్తే స్నానాల గదిలో కుళాయి సరిగా కట్టలేదు, బొట్టు బొట్టుగా కారుతోంది. ఆ చప్పుడు ఆయనకి పడదు.

నవ్వుకున్న రోజులూ లేకపోలేదు. చుట్టాలు వస్తారు, గుమ్మం దగ్గర కుర్చీ అంచున కూర్చుంటారు, ఎలా ఉందంటారు, గడియారం చూసుకుని లేస్తారు. వాళ్ళు మెట్లు దిగుతుండగా బాబాయి "స్పర్శరేఖ" అంటాడు. మొదటిసారి విన్నప్పుడు పిన్ని వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వగా చూశాను.

ఆయనకి పిన్ని పేరు కూడా పోయింది. పిలవాల్సినప్పుడు "భూమీ" అంటాడు. ఎంత బాగా పిలుస్తున్నాడు పిన్నీ అన్నాను నేను.

"ఏం బాగు. అందరూ తొక్కేది భూమినేగా" అంది పిన్ని. అని మళ్ళీ ఆయన పిలుపుకి లేచి వెళ్ళింది.

ఆమె రోజు ఎలా గడిచేదో ఒక్కసారి చెప్పి ఊరుకుంటాను, రోజూ అదే కాబట్టి. పొద్దున లేవగానే ఆయన్ని లేపి కూర్చోబెట్టడం, చంకల కింద చేతులేసి చక్రాల కుర్చీలోకి మార్చడం, స్నానం, బట్టలు, జావ. సాయంత్రం దాకా ఎదురింటావిడ ఓ కన్నేసి ఉంచుతుంది, పిన్ని షాపుకి పరుగెడుతుంది. మధ్యలో వచ్చి తినిపించి మళ్ళీ పరుగు. సాయంత్రం మళ్ళీ చంకల కింద చేతులు. అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వుకోగా నేను చూడలేదు. దువ్వెన పట్టుకుని గదిలోకి వస్తూ మధ్యలో ఎవరో పిలిచినట్టు ఆగిపోయేది.

సాయానికి మనిషిని పెట్టుకోమని డాక్టరమ్మా చెప్పింది, నేనూ పోరాను. ఒక ఆయమ్మని కుదిర్చాం. మధ్యవయసు మనిషి, నెమ్మదస్తురాలు. మొదటిరోజు స్నానాల గదిలో ఆమె బాబాయి చొక్కా గుండీలు విప్పబోతే ఆయన గుడ్లురిమి, ఎడమ చేత్తో మగ్గు తీసి విసిరాడు. ఆమె మోచేతికి తగిలింది. జన్మలో పరాయి ఆడదాని ముందు చొక్కా విప్పని మనిషి. పిన్ని ఆయమ్మకి క్షమాపణ చెప్పి పంపేసింది. తర్వాత ఎవరెన్ని చెప్పినా పెడచెవిన పెట్టింది. ఆయనకి అవమానమైతే తనకి నిద్ర పట్టదంది. ఎలాగూ పట్టడం లేదు కదా అని నేనన్నాను, నా నోరు ఊరుకోదు.

ఆ తర్వాతే పిన్నికి కుడి భుజం నొప్పి మొదలైంది. ఇటు కత్తెర, అటు బాబాయి, రెండు బరువులూ దానిమీదే. మొదట రాత్రిళ్ళు లాగేది, తర్వాత పగలు కూడా. ఆయన్ని కుర్చీలోకి ఎత్తుతుంటే పళ్ళు బిగపట్టేది. ఒకరోజు అలా ఎత్తుతూ ఆమె "అమ్మా" అంది. కుర్చీలో కూర్చున్నాక బాబాయి ఆమె భుజం వంక చూసి, ఆమె మొహం వంక చూసి, "త్రిభుజం" అన్నాడు.

ఆమె ఏమిటన్నట్టు చూసింది. ఆయన ఎడమ చేత్తో ఆమె చెయ్యి తట్టి మళ్ళీ అదే మాటన్నాడు.

ఈ మాటకి అర్థం పట్టుకోవడానికి పిన్నికి కష్టమే కాలేదు. ఇన్నాళ్ళూ అలవాటైన పనేగా. భుజమంటే చెయ్యి. ఆయనకి మిగిలింది ఒక చెయ్యి, పిన్నికి రెండు. వెరసి మూడు. మనిద్దరికీ మూడు చేతులున్నాయి, చాలు, ఇంకెవరూ వద్దు, ఇదీ ఆయన చెబుతున్నది. నాకు ఈ సంగతి చెబుతూ పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పెళ్ళయినన్నాళ్ళలో ఆయన తనతో అంత మంచి మాట అనలేదంది. నాకూ కళ్ళు తడయ్యాయి. నిజం చెప్పాలంటే కొంచెం అసూయ కూడా వేసింది.

ఆ మాట పట్టుకుని ఆమె వానాకాలమంతా ఈదేసింది. నొప్పితో మూలిగినప్పుడల్లా ఆయన "త్రిభుజం" అంటాడు. ఆమె "అవునండీ, త్రిభుజమే" అని పళ్ళు బిగపట్టి ఎత్తుతుంది. రానురాను ఆయన ఆ మాట అరుస్తూ అనడం మొదలుపెట్టాడు. జబ్బు మనిషికి చిరాకు సహజమేననుకున్నాం. ఒకసారి అరిచి అరిచి దగ్గు తెచ్చుకున్నాడు. పిన్ని వీపు రాసి, తను మాత్రం ఆయన్ని వదిలిపెట్టి ఎక్కడికి పోతుందని సముదాయించింది. ఆయన కళ్ళు మూసుకుని తల అటు తిప్పేసుకున్నాడు.

ఒకరోజు షాపులో కత్తెర కింద పడింది. అంత బరువు కత్తెర, పాదం మీద పడనందుకు సంతోషించాలి. వంగి తీయబోతే చెయ్యి లేవలేదు. డాక్టరు అటూ ఇటూ కదిపి చూసి, కీలు బిగుసుకుపోయిందన్నాడు. చాలా నెలలు పడుతుందట. ఆ చేత్తో చెంబు కూడా ఎత్తొద్దన్నాడు. షాపు ఓనరు మంచివాడే, తగ్గాక రమ్మన్నాడు. తగ్గేది ఎలా అన్నది ఆయన అడగలేదు, పిన్ని చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పిన్ని భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. చెయ్యి మెడకి వేసిన పట్టీలో ఉంది. ఎదురుగా చక్రాల కుర్చీలో బాబాయి. అన్నం ఎడమ చేత్తో కలపబోయి సగం బల్ల మీద పోసింది. అది తుడవను కూడా లేదు. ఆమె ఏడవడం లేదు. ఏడుపు దాటిపోయిన మొహం.

"అయిపోయిందండీ. మీదొకటి, నాదొకటి. రెండే మిగిలాయి. నేను చేతులెత్తేశాను, అదీ ఒక చెయ్యే ఎత్తగలను" అంది.

బాబాయి చూపు చురుగ్గా మారింది. బోర్డు ముందు నిలబడినప్పుడు ఆ చూపు నేనెరుగుదును. బల్ల మీద చెంచాలున్న గ్లాసుని ఎడమ చేత్తో దగ్గరికి లాక్కుని ఒరగదోశాడు. ఒక చెంచా తీసి అడ్డంగా పెట్టాడు. పిన్ని వంక చూపించి "భూమి" అన్నాడు. ఇంకో చెంచా తీసి దాని కొసకి ఆనించి ఏటవాలుగా పెట్టాడు. తన రొమ్ము మీద తట్టుకున్నాడు. తర్వాత చూపుడు వేలు రెండు చెంచాల మధ్యకి తెచ్చి, ఖాళీగా ఉన్న పక్క నుంచి బయటికీ లోపలికీ తిప్పాడు. ఆపేది ఏమీ లేదు. మళ్ళీ తిప్పాడు. అర్థమయిందా అన్నట్టు మా ఇద్దరి మొహాలూ చూశాడు. నాకు క్లాసులో కూర్చున్నట్టే చెవి జివ్వుమంది.

మూడో చెంచా తీశాడు. దాన్ని స్నానాల గది వైపు చూపించాడు. మగ్గుతో నెత్తిన నీళ్ళు పోసుకుంటున్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత చొక్కా పై గుండీ మీద వేళ్ళు పెట్టి, కళ్ళు కిందికి దించుకుని, దాన్ని తనే విప్పాడు. ఒక చేత్తో చాలాసేపు పట్టింది. మేం సాయం చేయలేదు. గుండీ ఊడాక మూడో చెంచా తెచ్చి ఆ రెంటి కొసలకీ కలిపి పెట్టాడు. మూసుకుంది.

"త్రిభుజం" అన్నాడు, ఈసారి నెమ్మదిగా.

చేతుల లెక్క కానే కాదు. మాటలన్నీ పుట్టిళ్ళకి పోయినా ఆ ఒక్క మాటను మాత్రం ఆయన పాఠంలో అర్థంతోనే వాడాడు. రెండు గీతలు ఎలా పెట్టినా ఏదీ మూసుకోదు, మూడోది కావాలి. ఆయమ్మని పిలు, నేను సిగ్గు చంపుకుంటాను అని, పిన్ని చెయ్యి ఇంకా లేస్తున్నప్పుడే, వానాకాలం మొదట్లోనే చెప్పాడు. అప్పటి నుంచీ అరుస్తూ ఉన్నాడు. మేం దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయాం. ప్రేమే, కాకపోతే మేం చదివింది తలకిందులుగా.

పిన్ని ఆ చెంచాల వంక చాలాసేపు చూసింది.

"ముందే చెప్పొచ్చు కదండీ" అంది.

అనేశాక ఆమెకే వినిపించింది తను అన్నది. ఎడమ చేత్తో మొహం కప్పుకుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాకు ఆ ఇద్దరి మీదా కోపం వచ్చింది, మంచి మనుషులు ఒకరినొకరు ఇంత శ్రమపెట్టుకుంటారేమిటా అని.

మగ్గు దెబ్బ తిన్న ఆయమ్మే మళ్ళీ వచ్చింది. పిన్ని పాత సంగతి ఎత్తబోతే ఆవిడ చెప్పులు విప్పుకుంటూ, "మగ్గు తగలని ఇల్లు నేనింతవరకు చూళ్ళేదమ్మా" అంది. ఆవిడ చంకల కింద చేతులేసి లేపిన తీరు వేరు, నడుము వంచకుండా మోకాళ్ళు వంచి లేపింది. బాబాయి గోడ వంక చూస్తూ ఉన్నాడు. మగ్గు ఆయనకి అందేంత దగ్గరలోనే ఉంది. స్నానాల గది తలుపు మూసుకుంది.

పిన్ని వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. నేను టీ పెట్టి ఇచ్చాను. పొద్దున పూట ఆమె కూర్చోగా చూడటం నాకదే మొదలు. ఏం చేయాలో తెలియని దానిలా గ్లాసు పట్టుకుని నీళ్ళ చప్పుడు వింటోంది.

"అమ్మా, లంబం అంటున్నారు" లోపల నుంచి ఆయమ్మ.

"తువ్వాలు. బయట గదిలో మేకుకి ఉంటుంది, మా అమ్మాయి అందిస్తుంది" అంది పిన్ని. నేను తలుపు సందులోంచి అందించి వచ్చాను.

టీ సగమయింది.

"అమ్మా, బిందువు, బిందువు అంటున్నారు. కుళాయి కట్టేశాను, గట్టిగానే ఉంది. ఒక్క చుక్క కారడం లేదు. అయినా అంటున్నారు."

పిన్ని స్టూలు మీద నుంచి సగం లేచింది. ఎడమ చెయ్యి బల్ల అంచు పట్టుకుంది. కారుతున్నది కుళాయి కాదు, ఆయన కళ్ళని ఆమె మొహం చూస్తే నాకు తెలిసింది. ఆమె తలుపు వంక చూసింది, గ్లాసు వంక చూసింది. మెల్లగా మళ్ళీ కూర్చుంది.

"తెలుసమ్మా. కట్టినా కారుతుంది అది. కాసేపు కారనీ" అంది తలుపు వైపు, గొంతు పెంచకుండానే.

టీ చల్లారిపోయింది. అయినా అడుగుదాకా తాగింది.